కులాక్‌చిన్ కొట్టు

సాల్కిన్ తన కొట్టు మీది బోర్డు మార్చలేదు. మార్చాల్సిన అవసరం రాలేదు. కులాక్‌చిన్ అంటే చెవులు కప్పే బొచ్చు టోపీ. చెవులకు తగిలించుకుని పాటలు వినే హెడ్‌ఫోన్లనీ ఇప్పుడు అదే మాటతో పిలుస్తున్నారు. చలికాలాలు మునుపటంత గట్టిగా రావడం మానేశాక టోపీల గిరాకీ పడిపోయింది. సాల్కిన్ టోపీలు దించి హెడ్‌ఫోన్లు ఎక్కించింది. బోర్డుకు రంగు వేయించే ఖర్చు మిగిలింది.

చిక్కల్లా ఒకటే. నారిన్ కొండల నుంచి దిగివచ్చిన పెద్దమనిషి ఎవరైనా కొట్టు ముందు నిలబడి "కులాక్‌చిన్ చూపించమ్మా" అంటే, ఏ కులాక్‌చినో అడిగి తెలుసుకోవాలి. అలాంటివాళ్ళ కోసం ఒక్క నక్కతోలు టోపీని మేకుకు వేలాడదీసి ఉంచింది. దాన్ని అందరూ తల మీద పెట్టి చూసుకునేవాళ్ళే. కొనేవాళ్ళు లేరు.

దోర్దోయ్ బజారులో కొట్లంటే ఇనప కంటెయినర్లు, ఒకదాని మీద ఒకటి. కింది దాంట్లో వ్యాపారం, పై దాంట్లో సరుకు. శరత్తు వచ్చిందంటే ఆ ఇనుము చల్లదనం బూట్లలోంచి మోకాళ్ళ దాకా ఎక్కుతుంది. సాల్కిన్ కాళ్ళ కింద ఎప్పుడూ రెండు అట్టలు వేసుకుని నిలబడుతుంది. అట్ట మెత్తబడితే మారుస్తుంది. తన కాళ్ళను మార్చుకునే వీలు లేదు కాబట్టి అట్టల దగ్గర మాత్రం పిసినారితనం చూపించదు.

ఆరోజు ఇంకా బోణీ కాలేదు. పక్క కొట్టు ఇస్మార్ బూట్ల పెట్టెలు పేరుస్తూ ఆవలిస్తున్నాడు. అప్పుడు వచ్చిందామె. పొట్టి మనిషి, గట్టి భుజాలు, మెళ్ళో నీలం ఉన్ని కండువా. నడక మాత్రం మోకాళ్ళు అరిగినవాళ్ళ నడక.

"ఆటకీ పనికి రావాలి, పాటకీ పనికి రావాలి," అంది. "రెండు కొనలేను. ఉన్నది ఒక తలకాయే."

"ఏం ఆటక్కా?"

"కాల్చుకునే ఆట. కంప్యూటర్లో."

"మనవడికా?"

"మనవడేంటి? నాకే. నా మొహం చూస్తే కాల్చేదానిలా లేనా?"

ఇస్మార్ పెట్టెల వెనక నుంచి తల బయటపెట్టాడు. "ఈవిడ తెలుసు నాకు. పదో నంబరు ట్రాలీ బస్సు నడిపేది. టిక్కెట్టు లేకుండా ఎక్కినవాళ్ళ మీద పగ తీర్చుకోడానికి నేర్చుకుంటోంది, సాల్కిన్!"

"నువ్వు ఎక్కావా అట్లా?" అందామె.

"చిన్నప్పుడు."

"అయితే జాగ్రత్తగా ఉండు."

ఆమె పేరు అనార్కుల్. కరెంటు తీగలతో నడిచే ట్రాలీ బస్సులు ఆపేసి, వీధుల మీది తీగలు విప్పేశాక ఇంట్లో కూర్చుంది. తనలాగే ఇంట్లో కూర్చున్న డ్రైవర్లు ఇంకో ముగ్గురు ఉన్నారు. పాత డిపో వెనక వీధిలో కుర్రాళ్ళు ఆడుకునే కంప్యూటర్ల క్లబ్బు ఒకటుంది. బడి వేళల్లో అక్కడ కుర్చీలు ఖాళీగా ఉంటాయి. వేడిగా కూడా ఉంటుంది. మొదట చలికాచుకోడానికి వెళ్ళారు నలుగురూ, తర్వాత ఆటలో పడ్డారు. క్లబ్బులో ఉన్న హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే అనార్కుల్ చెవులు దురద పెట్టాయట. అందుకని సొంతవి కొందామని వచ్చింది. వాటి గురించి ఆమెకు ఏమీ తెలియదు. ఆ సంగతి దాచుకోనూ లేదు.

సాల్కిన్‌కు ఇలాంటి గిరాకీ అంటే ఇష్టమూ ఉంది, భయమూ ఉంది. ఏమీ తెలియని మనిషికి ఏదైనా అమ్మవచ్చు. కానీ ఆ మనిషి చేతిలో వస్తువు పెట్టేలోపు వివరించి వివరించి నోరు ఎండిపోతుంది.

అనార్కుల్ చెయ్యి ముందు రంగుదీపాలు వెలిగే జత మీదికి వెళ్ళింది.

"ఈ దీపాలు ఎందుకు?"

"ఎదుటివాళ్ళు చూడ్డానికి. నీ తల మీదున్న దీపం నీకెట్లా కనపడుతుంది?"

"మరి డబ్బులు కూడా ఎదుటివాళ్ళే ఇస్తారా?"

సాల్కిన్ దాన్ని పక్కన పెట్టి తీగ లేని జత తీసింది. "ఇది పాటకు బావుంటుంది. వండుకుంటూ వినొచ్చు. ఆటకు మాత్రం వద్దు. గాల్లో వచ్చే చప్పుడు కాస్త వెనకబడి వస్తుంది. నువ్వు చచ్చాక తుపాకి పేలినట్టు వినిపిస్తుంది."

"మా డిపో జీతంలాగా."

"అంతే. తీగ ఉన్నదే తీసుకో. ఇదిగో, దీన్లో డప్పు ఎక్కువ. కుర్రాళ్ళు గుండె అదరాలని కొంటారు. డప్పు ఎక్కువైతే అడుగుల చప్పుడు మింగేస్తుంది. మూడు తీగల కొముజ్ మీటినా డబ్బా కొట్టినట్టు ఉంటుంది."

"నాకు అడుగులే ముఖ్యం. మా జట్టులో వినే పని నాది," అంది అనార్కుల్. "మూల నక్కి కూర్చుంటాను. శత్రువు అడుగులు ఎటు నుంచి వస్తున్నాయో విని చెప్పాలి. మిగతావాళ్ళు అటు తిరిగి కాలుస్తారు. వాళ్ళ చెవులు మోటార్ల రొదకి పోయాయి. నావి బాగున్నాయి."

ఒక పెట్టె మీద ఏడు దిక్కుల నుంచీ చప్పుడు వినిపిస్తుందని రాసి ఉంది. అనార్కుల్ కళ్ళజోడు పైకి జరిపి దాన్ని చదివింది.

"లోపల మోగేవి రెండే," అంది సాల్కిన్. "పెట్టె మీద రాతకు సిరా తప్ప ఖర్చేముంది? నీకు కావాల్సింది చెవి మొత్తం లోపలికి పట్టేది, కళ్ళజోడు కాడ నొక్కనిది, చెమట పీల్చే గుడ్డ ఉన్నది. పెట్టుకుని కాసేపు నిలబడు. ఇప్పుడు బరువు తెలియకపోతే గంట తర్వాత కూడా తెలియదు. ఇప్పుడే తెలిసిందంటే గంట తర్వాత మెడ తీసి పక్కన పెట్టాలనిపిస్తుంది."

అలా ఒక్కొక్కటీ తగ్గుకుంటూ వచ్చి నల్లటి మామూలు జత ఒకటి మిగిలింది. పేరులేని సరుకు. ఈమధ్యే సరిహద్దు దాటి వచ్చిన లాటులోది. ఎడమ చెవి డిప్ప నుంచి నోటి దాకా వంగే మైకు కాడ ఉంది. సాల్కిన్ దాని తీగను తన పాత ఫోనుకు గుచ్చి కొముజ్ పాట పెట్టింది. ఎవరో ఎప్పుడో రేడియో ముందు టేపు పెట్టి పట్టిన పాట. ఆ కొట్ల వరుసలో అందరూ సరుకును ఆ పాటతోనే పరీక్షిస్తారు. ఎడమ చెవిలో పలికిందా, కుడి చెవిలో పలికిందా, మధ్యలో గరగర లేదు కదా. అయితే సరుకు మంచిదే.

అనార్కుల్ కళ్ళు మూసుకుని పాట చివరిదాకా వింది. బేరం కూడా పెద్దగా ఆడలేదు. బోణీ గిరాకీని ఉత్తచేతులతో పంపరు కనుక సాల్కిన్ కొంత తనే తగ్గించింది. చేతికొచ్చిన నోట్లను పెట్టెలన్నిటికీ తాకించి, చివరికి నక్కతోలు టోపీకి కూడా తాకించింది. ఆరోజు వ్యాపారం బాగానే సాగింది.

అనార్కుల్ మళ్ళీ కనిపించింది ఒకరోజు మధ్యాహ్నం దాటాక. జనం పలచబడ్డారు. సాల్కిన్ గొంతు పోయింది, కాళ్ళు అట్టల మీద ఉన్నాయో లేవో తెలియడం లేదు. అలాంటప్పుడు అమ్మిన పెట్టె చేతబట్టుకుని కొన్న మనిషి వస్తోందంటే, ఏ వ్యాపారికైనా ఒంట్లో ఉన్న కాస్త ఓపికా ఆవిరవుతుంది. అయినా సాల్కిన్ నడుం సర్దుకుంది. ఈ తగువుకు ఒక వరస ఉంది. కొన్నవాళ్ళు పాడైపోయిందంటారు. అమ్మినవాళ్ళు నువ్వే కింద పడేశావంటారు. వాళ్ళు పిల్లల మీద ఒట్టేస్తారు, వీళ్ళు రొట్టె మీద ఒట్టేస్తారు. చివరికి ఎక్కడో మధ్యలో తెగుతుంది. ఆ వరస సాల్కిన్‌కు నిద్రలో కూడా వచ్చు.

అనార్కుల్ పెట్టెను గుడ్డ విప్పి బల్ల మీద పెట్టింది. తీగ చక్కగా చుట్టి ఉంది. డిప్పలు తుడిచి ఉన్నాయి.

"దీన్ని వెనక్కి తీసుకో, చెల్లీ. ఎంతివ్వగలిగితే అంతివ్వు. ఏమీ ఇవ్వకపోయినా సరే."

"ఏమైంది? పాడైందా?"

"దీన్లో ఏ లోపం లేదు. లోపం నాలోనే ఉంది."

సాల్కిన్ నోటిదాకా వచ్చిన మాటలన్నీ ఎవరికి చెప్పాలో తెలియక ఆగిపోయాయి. ఇన్నేళ్ళ బజారులో సరుకు వెనక్కి తెచ్చి లోపం నాదే అన్న మనిషిని ఆమె చూడలేదు. మొదట అనుమానం వచ్చింది. ఇది కొత్త రకం బేరమా? కానీ అనార్కుల్ మొహంలో బేరం లేదు. రాత్రంతా నిద్రలేని మొహం అది.

"కూర్చో అక్కా. టీ తాగు," అంది. బల్ల వెనక ఉన్న స్టూలు ముందుకు తోసింది. ఇస్మార్ తన ఫ్లాస్కు పట్టుకుని వచ్చాడు. అతని దగ్గర టీ ఎప్పుడూ ఉంటుంది, పంచదార ఎప్పుడూ ఉండదు.

"ఓడిపోయావా?" అన్నాడు.

"ఓడిపోతే ఏడవను. ఓడించాను. నావాళ్ళనే," అంది అనార్కుల్. కప్పును రెండు చేతులా పట్టుకుంది. "ఎడమ నుంచి వస్తున్నారంటాను. వాళ్ళు ఎడమకు తిరుగుతారు. శత్రువు కుడి నుంచి వచ్చి ముగ్గుర్నీ కాల్చేసి పోతాడు. ఒకసారి కాదు, ప్రతిసారీ. మొదట నవ్వారు. తర్వాత తిట్టారు. ఇప్పుడు తిట్టడం కూడా మానేశారు. నేను లేనప్పుడు మాట్లాడుకుంటున్నారు."

"ఆటే కదక్కా," అంది సాల్కిన్.

"ఆటే. ఇన్నేళ్ళు బస్సు నడిపాను చెల్లీ. కుడి అద్దం, ఎడమ అద్దం. నా బస్సు ఎవరికీ రవ్వంత కూడా తగల్లేదు. అట్లాంటిదాన్ని ఎడమేదో కుడేదో తెలియకుండా పోయాను." ఆమె ఒక గుక్క టీ తాగింది. "మా అమ్మకు ఇట్లాగే మొదలైంది. నాకిప్పుడున్న వయసే. ఎడమ బూటు కుడి కాలికి వేసుకునేది. నవ్వుకున్నాం. ఆ తర్వాత రెండు చలికాలాలకి నేనెవరో మర్చిపోయింది."

ఇస్మార్ ఏదో హాస్యం ఆడబోయాడు. "నా కొట్లో ఎవరైనా ఎడమా కుడీ మార్చి ఇస్తే, రెండడుగులు వేసి మూడో అడుగు నా వీపు మీదే వేస్తారు," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఫ్లాస్కు మూత బిగించుకుంటూ కూర్చున్నాడు.

తర్వాత అనార్కుల్ అసలు సంగతి చెప్పింది. కొత్త బస్సుల డిపో నుంచి కబురొచ్చింది. పాత డ్రైవర్లలో కొందరిని తీసుకుంటున్నారు. ఆమె పేరు జాబితాలో పైనే ఉంది. వస్తుందో రాదో ఈ సాయంత్రం ఆఫీసు మూసేలోపు చెప్పాలి, చెప్పకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది.

"రానని చెప్పేస్తాను," అంది. "బస్సునిండా జనం. బళ్ళకు పోయే పిల్లలు. ఎడమనుకుని కుడికి తిప్పితే? ఈ పెట్టె నీకిచ్చేసి, అటే వెళ్ళి ఆ మాట చెప్పేసి, ఇంటికి పోతాను. రెండూ ఒక్క ప్రయాణంలో అయిపోతాయి."

సాల్కిన్ పెట్టెను తన వైపు లాక్కుంది. సగం డబ్బు ఇద్దామనుకుంది. మనసులో ఆ మాట ఇంకా కుదురుకోక ముందే వరుస చివర నుంచి కేక వినిపించింది. "దారి! దారి!" సరుకు తోపుడుబండి. నిండుగా మూటలేసుకుని, వాలులో ఆగలేక దొర్లుకుంటూ వస్తోంది. అనార్కుల్ స్టూలు సగం దారిలోనే ఉంది. బండికి ఆమె వీపు.

ఆమె తల తిప్పలేదు. కప్పులో టీ ఒలకనివ్వలేదు. స్టూలుతో సహా కుడివైపుకు ఒక్క జరుగు జరిగింది. బండి ఆమె ఎడమ భుజాన్ని రాసుకుంటూ పోయింది. అనార్కుల్ ఇంకో గుక్క టీ తాగింది. తను జరిగిన సంగతి కూడా ఆమెకు తెలిసినట్టు లేదు.

సాల్కిన్‌కు తెలిసింది. ఇస్మార్ వైపు చూసింది. ఇస్మార్ బూట్ల పెట్టెల వైపు చూసింది.

బూట్లు అమ్మేవాడు ఎడమా కుడీ చూడకుండా పెట్టె కట్టడు. తను టోపీల నుంచి వచ్చింది. టోపీకి ముందూ వెనకా ఉంటాయి గానీ ఎడమా కుడీ ఉండవు. రెండు చెవులూ వెచ్చగా ఉంటే చాలు. హెడ్‌ఫోన్లనీ అట్లాగే పరీక్షించింది. రెండు చెవుల్లోనూ పలికితే చాలు. ఆ కొముజ్ పాట ఒక్క మైకుతో పట్టింది. రెండు వైపులా ఒకే చప్పుడు. వైపులు తారుమారైనా అది చెప్పదు.

"ఒక్క నిమిషం అక్కా. పైన ఒక పని ఉంది," అంది సాల్కిన్. పెట్టె చంకలో పెట్టుకుని ఇనప నిచ్చెన ఎక్కింది. రోజు చివర ఆ నిచ్చెన ఎక్కడం ఆమెకు కొండ ఎక్కడంతో సమానం.

పై కంటెయినర్లో ఒకే బల్బు. మూటల మధ్య కూర్చుని ఫోను తీసింది. ఒక చెవి వినపడని గిరాకీ కోసం ఎప్పుడో నేర్చుకుంది: ఫోను లోపల ఒక గీత మీద చుక్క ఉంటుంది. చుక్కను ఎడమకు జరిపితే చప్పుడు ఎడమకే వెళ్ళాలి. జరిపింది. పాట పెట్టింది.

కొముజ్ ఆమె కుడి చెవిలో మోగింది.

తలకు తిరగేసి పెట్టుకున్నానేమోనని తీసి చూసింది. లేదు. డిప్ప మీద రాసిన అక్షరం ప్రకారమే పెట్టుకుంది. చుక్కను కుడికి జరిపింది. పాట ఎడమకు పోయింది. మూటలోంచి ఇంకో పెట్టె చింపింది. అదీ అంతే. అడుగు నుంచి ఒకటి లాగింది. అదీ అంతే. ఎక్కడో ఒక గదిలో ఎవరో ఒక మనిషి, తనలాగే అలిసిపోయి, రెండు తీగలను అటుది ఇటూ ఇటుది అటూ అతికించుకుంటూ పోయాడు. లాటు మొత్తం.

సాల్కిన్ మూట మీద జారగిలబడి లెక్క వేసింది. సరిహద్దు దాటిన సరుకు వెనక్కి పోదు, తెచ్చినవాడు ఫోను ఎత్తడు. ఈ లాటులోంచి రెండు క్లబ్బులకు ఇచ్చింది. ఆ క్లబ్బువాళ్ళు కొట్టు ముందుకొచ్చి అరిస్తే వరుసంతా వింటుంది. పాటలు వినేవాళ్ళు పర్వాలేదు. వాళ్ళకు ఎడమేది, కుడేది? చచ్చేదాకా తెలియదు. కింద కూర్చున్న మనిషికి కూడా తెలియదు. ఆమె అడగడం లేదు కూడా. సగం డబ్బిచ్చి, టీ తాగించి, దిగులు పడకక్కా అని పంపిస్తే దణ్ణం పెట్టి వెళుతుంది. మాట్లాడకుండా ఉండటానికి ఏ శ్రమా లేదు. ఈపూట సాల్కిన్‌కు శ్రమ లేనిదే కావాలి.

చెబితే మాత్రం రేపటి నుంచి పని. ఫోన్లు, తిట్లు, తీగలు విప్పించడం, మళ్ళీ అతికించడం. ఒక చలికాలం లాభం అందులోనే పోతుంది.

నిచ్చెన దిగేటప్పటికి కూడా ఆమె ఏదీ తేల్చుకోలేదు. చివరి మెట్టు మీద కాలు పెట్టి చూస్తే, అనార్కుల్ ఖాళీ కప్పును బల్ల మీద పెడుతోంది. కోటు చెయ్యి వెనక్కి జరిగి మణికట్టుకు ఎర్రదారం కనిపించింది.

"దిష్టికా అక్కా?" అంది సాల్కిన్, ఏదో ఒకటి అనాలి కదా అని.

అనార్కుల్ చెయ్యిని కోటులోకి లాక్కుంది. "దిష్టికి కాదు," అంది మెల్లిగా. "ఎడమ చెయ్యి. గుర్తు కోసం కట్టుకున్నాను."

సాల్కిన్ ఆ చివరి మెట్టు మీదే కూర్చుండిపోయింది. పైన వేసిన లెక్కలో ఈ దారం లేదు. దీన్ని ఎటు వేసుకోవాలో ఆమెకు తెలియలేదు.

"నీ తలకు ఏమీ కాలేదక్కా," అంది. "అయింది నా సరుకుకి."

"ఓదార్చకు, చెల్లీ."

"ఓదార్పు కాదు. ఓదార్చే ఓపిక నాకెక్కడిది? ఇటు రా. పెట్టుకో. ఏ చెవిలో వస్తోంది?"

"కుడి."

"నేను పంపింది ఎడమకు. ఇదిగో చూడు, చుక్క ఎటుందో."

అనార్కుల్ చుక్కను చూసింది. మణికట్టు మీది దారాన్ని చూసింది. "మళ్ళీ పెట్టు," అంది. సాల్కిన్ మళ్ళీ పెట్టింది. "ఇంకోటి తియ్యి." ఇంకోటి తీసింది. ఇస్మార్ కూడా వచ్చి ఒకటి తగిలించుకుని, "అరె, ఈ పాట అటు నుంచి ఇటు వచ్చేసిందే!" అని అవసరానికి మించి గట్టిగా అరిచాడు.

అనార్కుల్ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇవి ఎంతమందికి అమ్మావు?"

"చాలామందికి."

"వాళ్ళెవరూ రాలేదా?"

"రాలేదు. నువ్వు కూడా నన్ను అనడానికి రాలేదు కదక్కా."

అప్పుడు వచ్చింది కోపం. పెట్టె చుట్టి తెచ్చిన గుడ్డతో బల్లను ఫట్టున కొట్టింది అనార్కుల్. "మా అబ్బాయికి చెప్పలేదు! ఎవరికీ చెప్పలేదు! రోజూ పొద్దున లేచి నా కొడుకు పేరు, నా వీధి పేరు నాకు నేనే అప్పజెప్పుకుంటున్నాను, మర్చిపోయానేమోనని! బజారుదానా! పాటొకటి పెట్టి, నన్ను కళ్ళు మూసుకునేట్టు చేసి, అంటగట్టావు కదే!"

"అంటగట్టాను," అంది సాల్కిన్. "తిట్టు. కానీ తిట్టేలోపు ఆఫీసు మూసేస్తారు."

అనార్కుల్ గుడ్డ ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగింది. ఫోను తీసి డిపోకు కలిపింది. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ కలిపింది. ఇస్మార్ అప్పటికే తన కొట్టు తలుపులు లాగేస్తున్నాడు.

"నడు నడు, నా వ్యానెక్కు. బూట్ల మధ్య కూర్చోవాలి, కళ్ళు మూసుకో, ముక్కు కూడా. నాకు ఆ వీధులు తెలియవు. ఎడమకో కుడికో నువ్వే చెప్పాలి."

"చెబుతాను," అంది అనార్కుల్. కండువా మీదికి లాక్కుని, మోకాళ్ళను పట్టించుకోకుండా, వరుసలో జనాన్ని తోసుకుంటూ వెళ్ళిపోయింది. సెలవు తీసుకోలేదు. హెడ్‌ఫోన్లు బల్ల మీదే ఉండిపోయాయి.

మర్నాడు సాల్కిన్ మొదటి క్లబ్బుకు ఫోను చేసింది. సంగతి చెప్పి తిట్ల కోసం ఫోనును చెవికి కొంచెం దూరంగా పట్టుకుంది. క్లబ్బు యజమాని కాసేపు ఆలోచించాడు.

"అందుకా," అన్నాడు. "మొదట్లో కుర్రాళ్ళు గోల పెట్టారక్కా. రెండు మూడు రోజుల్లో అలవాటు పడ్డారు. ఇప్పుడు ఎడమ వినిపిస్తే కుడికి కాలుస్తున్నారు, మొన్న పోటీలో గెలిచారు కూడా. ఇప్పుడు మార్చానంటే నన్ను బతకనివ్వరు. ముట్టుకోకు వాటిని."

రెండో క్లబ్బువాడు ఇలాంటివాడు కాదు. వరుసంతా వినేటట్టే అరిచాడు. పెట్టెలు బల్ల మీద కుమ్మరించి పోయాడు. సాల్కిన్ వాటిని బాగుచేసేవాడి దగ్గరికి మోయించింది. అతను తీగలు మార్చి అతికిస్తుంటే ఎదురుగా కూర్చుని మరలు విప్పి ఇచ్చింది. వేళ్ళు కాలాయి, కళ్ళు మండాయి. లాటులో మిగిలిన కొన్నిటి మీద 'పాటలకు మాత్రమే' అని రాసి తక్కువకు అమ్మింది. ఎందుకని అడిగినవాళ్ళకు ఎందుకో చెప్పింది. అడగనివాళ్ళకూ చెప్పింది. చెప్పీ చెప్పీ గొంతు పోయింది. కొన్నవాళ్ళలో సగంమందికి పట్టనే లేదు.

అనార్కుల్ జతను మాత్రం ముందుగా సరిచేయించి నక్కతోలు టోపీ లోపల పెట్టి ఉంచింది. ఆమె రాలేదు. డిపోకు ఆరోజు వేళకు చేరారో లేదో ఇస్మార్‌కూ తెలియదు. గేటు దగ్గర దింపేశాను, లోపలికి పరిగెత్తింది, అరిగిన మోకాళ్ళ నడకంతా అబద్ధమేననుకుంటా, అన్నాడు. మంచు పడింది. అట్టలు రెండుసార్లు మార్చింది సాల్కిన్. ఆ సీటు ఇంకొకరికి పోయిందేమో అనుకుంది. అడగడానికి ఆమె నంబరు కూడా లేదు.

ఒక సాయంత్రం ఇంటికి వెళ్ళే బస్సులో సాల్కిన్‌కు కూర్చోడానికి చోటు దొరికింది. కొత్త బస్సు, వెచ్చగా ఉంది. కిటికీకి తల ఆనించింది, అంతే. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి బస్సు ఆగి ఉంది. లోపల ఎవరూ లేరు. భుజాన్ని ఎవరో కుదుపుతున్నారు.

"లే, బజారు మనిషీ. ఇది ఆఖరు స్టాపు."

నీలం ఉన్ని కండువా. దాని మీద డిపో కోటు.

"నా స్టాపు ఎప్పుడో దాటిపోయింది," అంది సాల్కిన్, ఇంకా నిద్ర మత్తులోనే.

"చూశాను. నోరు తెరుచుకుని నిద్రపోతుంటే లేపబుద్ధి కాలేదు. వెనక్కి వెళ్ళేది ఈ బస్సే. కూర్చో."

"ఎక్కిందగ్గర్నుంచి చూస్తూనే ఉన్నావా?"

"అద్దంలో. నాకు అద్దాలు చూడటమే పని." అనార్కుల్ తన సీటులోకి వెళ్ళి కూర్చుంది. ఎడమవైపు అద్దం కాడకు ఎర్రదారం కట్టి ఉంది.

సాల్కిన్ దాన్ని చూసింది. "అదింకా ఎందుకక్కా?"

"నీ కొట్లో మళ్ళీ ఏమైనా కొంటే అవసరం పడుతుందని."

"నీ హెడ్‌ఫోన్లు నా దగ్గరే ఉన్నాయి. బాగు చేయించాను. టోపీలో పెట్టాను."

"ఉండనీ. శనివారం నాకు సెలవు. పొద్దున్నే వస్తాను, ఎవరూ రాకముందే. ఈసారి బోణీ నువ్వు నాకివ్వాలి."

"బోణీకి ఏమివ్వను?"

"టోపీ ఇవ్వు. ఎలాగూ ఎవరూ కొనడం లేదు కదా."

సాల్కిన్ బేరం ఆడదామనుకుంది. నోరు తెరిచింది గానీ ఓపిక లేకపోయింది. బస్సు కదిలింది. మళ్ళీ కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. కాసేపటికి ఒళ్ళు మెల్లిగా కుడికి ఒరిగింది. ఎడమకు తిప్పిందన్నమాట, అనుకుంది నిద్రలోకి జారుకుంటూ.